ఆఫ్రికాలో జరిగే పరీక్షలు, ఆఫ్రికా నడిపే పరీక్షలు: హెచ్‌ఐవి నివారణ పరిశోధన వెనకున్న పునాది

2024 జులైలో జర్మనీలోని మ్యూనిక్‌లో జరిగిన అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సులో దక్షిణాఫ్రికా వైద్య శాస్త్రవేత్త లిండా-గెయిల్ బెక్కర్ ఒక ఫలితాన్ని సభ ముందుంచారు. ఆరు నెలలకొకసారి చర్మం కింద ఇచ్చే లెనకాపవిర్ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికి కూడా హెచ్‌ఐవి సోకలేదు. అదే పరీక్షలో రోజూ వేసుకోవాల్సిన రెండు రకాల మాత్రల్లో ఏదో ఒకటి పొందిన వారిలో మొత్తం 55 మందికి సోకింది. నాలుగు దశాబ్దాల హెచ్‌ఐవి నివారణ పరిశోధనలో ఇంత స్పష్టమైన ఫలితం అంతకు ముందు రాలేదు.

పత్రికలు మందు గురించి రాశాయి, దాన్ని తయారుచేసిన అమెరికా కంపెనీ గిలియడ్ గురించి రాశాయి. ‘పర్పస్ 1’ అని పేరుపెట్టిన ఆ పరీక్ష దక్షిణాఫ్రికాలో 25, ఉగాండాలో 3 కేంద్రాల్లో జరిగిందన్న సంగతి మాత్రం వార్తల్లో ఒక్క వాక్యానికే పరిమితమైంది. 16 నుంచి 25 ఏళ్ల వయసున్న 5,300 మందికి పైగా యువతులను చేర్చుకుని, వారిని నెలల తరబడి జారిపోకుండా చూసుకుంటూ, వారి రక్త నమూనాలను ఏ నియంత్రణ సంస్థ వచ్చి తనిఖీ చేసినా వేలెత్తి చూపలేని విధంగా భద్రపరచగల 28 కేంద్రాలు ఒక కంపెనీ తలచుకోగానే పుట్టుకు రావు. అవి పాతికేళ్లకు పైగా, చాలావరకు విఫలమైన పరీక్షల మీదుగా ఎదిగినవి. ఆ ఎదుగుదల ఎలా జరిగిందో, ఇప్పుడు దానికి వచ్చిన ముప్పు ఏమిటో విడమరిచి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రోగం ఉన్నచోటే పరీక్ష

చికిత్సా పరీక్షకూ నివారణ పరీక్షకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. చికిత్సను పరీక్షించేటప్పుడు రోగులు ఎదురుగా ఉంటారు, మందు పనిచేస్తే వారి రక్తంలో వైరస్ తగ్గుతుంది, కొన్ని వందల మందితో ఆ సంగతి తేలిపోతుంది. నివారణను పరీక్షించేటప్పుడు ఎదురుగా ఉండేది ఆరోగ్యవంతులు. మందు పనిచేస్తే ఏమీ జరగదు. జరగనిదాన్ని లెక్కపెట్టాలంటే, మందు లేకపోతే ఎంతమందికి సోకి ఉండేదో తెలిసే చోటనే లెక్కపెట్టాలి. ఏడాదికి నూటికి నలుగురు కొత్తగా వ్యాధి బారిన పడే చోట వెయ్యి మందిని ఏడాది పాటు గమనిస్తే సుమారు 40 సందర్భాలు కనిపిస్తాయి. వెయ్యికి ఇద్దరు మాత్రమే బారిన పడే చోట ఆ 40 సందర్భాల కోసం 20,000 మందిని గమనించాలి. అంతటి ఖర్చును ఎవరూ భరించలేరు.

దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటల్ రాష్ట్రంలో 2007లో మొదలై 2010లో ముగిసిన, హెచ్‌ఐవిని అడ్డుకునే జెల్ కోసం చేసిన ‘క్యాప్రిసా 004’ పరీక్షలో మందు లేని డమ్మీ జెల్ వాడిన స్త్రీలకు, అంటే కండోమ్‌లూ కౌన్సెలింగూ అందుతున్న స్త్రీలకు కూడా, ఏడాదికి నూటికి సుమారు తొమ్మిది మంది చొప్పున హెచ్‌ఐవి సోకింది. గుండె బరువెక్కించే ఆ అంకే అక్కడ పరిశోధన ఎందుకు జరగాలో చెబుతుంది. ఇదొక్కటే కాదు. వైరస్ ఉపరకాలు ప్రాంతాన్ని బట్టి మారతాయి. ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలో ఎక్కువగా కనిపించే సి ఉపరకమే మన దేశంలోనూ ఎక్కువ. అమెరికాలో కొత్తగా సోకుతున్న వారిలో అధికులు పురుషులైతే, ఆఫ్రికాలో సహారాకు దక్షిణాన యువతులపైనే భారం ఎక్కువ. ఒక చోట ఒక సమూహంలో తేలిన సమాధానాన్ని ఇంకో చోట ఇంకో సమూహానికి అరువివ్వడం అన్ని వేళలా కుదరదు.

అయితే రోగం ఉన్నచోటే పరీక్ష జరగాలన్న శాస్త్రీయ అవసరం, పేదరికం ఉన్నచోటే పరీక్ష జరుపుతారన్న అనుమానానికి కూడా తావిస్తుంది. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. గర్భిణుల నుంచి శిశువులకు వైరస్ సోకకుండా ఏజెడ్‌టీ మందు కాపాడుతుందని 1994లో అమెరికా, ఫ్రాన్స్‌లలో జరిగిన పరీక్షలో రుజువైన తర్వాత కూడా, ఆఫ్రికాలోనూ ఆసియాలోనూ కొన్ని పరీక్షల్లో కొందరు గర్భిణులకు ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్ర, మాత్రమే ఇచ్చారు. ఆ ఖరీదైన పద్ధతి ఎలాగూ ఇక్కడ అందదు కనుక చౌకైన, పొట్టి కోర్సు పనిచేస్తుందో లేదో తెలియాలంటే అదే మార్గమని కొందరు వాదించారు. పాశ్చాత్య దేశంలో చేయలేని పనిని పేద దేశంలో చేయడం అన్యాయమని 1997లో వైద్య పత్రికల్లో పెద్ద దుమారం రేగింది. ఆ వాదంలో ఎవరిది పైచేయి అన్నదానికంటే, దానిలో వినిపించిన గొంతుల్లో అత్యధికం ఆఫ్రికా బయటివి కావడమే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. ఏ పరీక్ష తమ ప్రజలకు న్యాయమో తేల్చగల ఎథిక్స్ కమిటీలు, నియంత్రణ సంస్థలు ఒక దేశంలో బలంగా ఉండడం కూడా పరిశోధనా సామర్థ్యంలో భాగమేనని ఆ వివాదం తర్వాత అందరూ ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఒక కేంద్రం లోపల

సామర్థ్యం అనగానే భవనాలూ యంత్రాలూ గుర్తొస్తాయి. ఒక నివారణ పరీక్ష కేంద్రంలోకి ఒక యువతి అడుగుపెట్టినప్పుడు జరిగేదాన్ని దగ్గర నుంచి చూస్తే ఆ మాటకు అసలైన వైశాల్యం తెలుస్తుంది.

మొదట ఆమె మాతృభాషలో, జులూలోనో లుగాండాలోనో, సమ్మతి పత్రాన్ని చదివి వినిపిస్తారు. ఏ మందు ఎవరికి వస్తుందో డాక్టరుకు కూడా తెలియదని, ఏ రోజైనా మానుకుని వెళ్లిపోవచ్చని, మానుకుంటే వైద్యం ఆగిపోదని వివరిస్తారు. తర్వాత ఆమెను తిరిగి ప్రశ్నలు అడుగుతారు. జవాబు తప్పితే మళ్లీ వివరిస్తారు. చదువురాని వారైతే కేంద్రంతో సంబంధం లేని సాక్షి సమక్షంలో వేలిముద్ర తీసుకుంటారు. ఆ తర్వాత కౌన్సెలింగ్, హెచ్‌ఐవి పరీక్ష, గర్భ పరీక్ష, రక్త నమూనా. ఆమె ఫోన్ నంబరు మారితే ఎవరి ద్వారా కబురు పంపవచ్చో, ఏ పేరుతో పిలిస్తే ఇంట్లో అనుమానం రాదో కూడా రాసుకుంటారు. మూడో నెలలో ఆమె రాకపోతే వెతుక్కుంటూ వెళ్లే ఉద్యోగి ఒకరుంటారు; పరీక్ష నిలబడడమూ కూలడమూ చాలావరకు ఆ ఉద్యోగి చేతిలోనే ఉంటుంది.

గాజుగొట్టంలోకి చేరిన రక్తం ప్రయాణం వేరు. బార్‌కోడ్ అంటించాక కొద్ది గంటల్లోపే దాన్ని యంత్రంలో తిప్పి తెల్ల కణాల పొరను వేరుచేసి, లెక్కపెట్టి, మెల్లమెల్లగా చల్లబరిచి, ద్రవ నత్రజని తొట్టెల్లో దాచాలి. ఆలస్యమైతే కణాలు చచ్చిపోతాయి, టీకా వల్ల రోగనిరోధక శక్తి ఎలా స్పందించిందో ఇక ఎప్పటికీ తెలియదు. కరెంటు కోతలు మామూలైన దేశాల్లో జనరేటరు, దానికి డీజిలు, అది ఆగితే మరో జనరేటరు, అర్ధరాత్రి ఫ్రీజరు ఉష్ణోగ్రత పెరిగితే మోగే అలారం, అది విని పరుగెత్తుకొచ్చే మనిషి కావాలి. నత్రజని సరఫరా చేసే వ్యాపారి దగ్గర్లో లేకపోతే కేంద్రమే సొంత ప్లాంటు పెట్టుకోవలసి వస్తుంది.

వీటన్నిటి మీద కాగితం ఉంటుంది. రాయనిది జరగనట్టే అన్నది ఈ రంగంలో అందరూ చెప్పుకునే సూత్రం. దాని విలువ ఎంతో ఉగాండా చాలా కష్టపడి తెలుసుకుంది. కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో 1997లో మొదలైన ‘హెచ్‌ఐవినెట్ 012’ పరీక్షలో, ప్రసవ సమయంలో తల్లికి ఒక్క నెవిరపిన్ మాత్ర, పుట్టిన బిడ్డకు ఒక్క మోతాదు ఇస్తే, పొట్టి కోర్సు ఏజెడ్‌టీతో పోల్చినప్పుడు వైరస్ సోకడం దాదాపు సగానికి తగ్గుతుందని 1999లో తేలింది. అతి తక్కువ ఖర్చుతో పసిబిడ్డలను కాపాడే మార్గం అది. అయితే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి కోసం 2002లో రికార్డులను తనిఖీ చేసినప్పుడు లోపాలు బయటపడ్డాయి. దుష్ఫలితాలను నమోదు చేసిన తీరు, పత్రాలను భద్రపరిచిన తీరు ఆ స్థాయి అనుమతికి తగినట్టుగా లేవు. కంపెనీ దరఖాస్తు వెనక్కి తీసుకుంది, కేంద్రం పని చాలా నెలలు నిలిచిపోయింది, మందు విషతుల్యమన్న ప్రచారం మొదలైంది. 2005లో అమెరికా జాతీయ విద్యాపరిషత్తుల కింద పనిచేసే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అన్ని రికార్డులనూ తిరగేసి, లోపాలున్నా శాస్త్రీయ నిర్ధారణ సరైనదేనని తేల్చింది.

ఈ ఉదంతాన్ని ఆఫ్రికా కేంద్రాల అసమర్థతకు ఉదాహరణగా చెప్పేవారున్నారు. అలా అర్థం చేసుకోవడం తప్పని నా అభిప్రాయం. ఆ పరీక్షను అమెరికా అనుమతి కోసం రూపొందించనే లేదు. అనుమతికి కావలసిన నాణ్యతా వ్యవస్థకు డబ్బు కేటాయించనూ లేదు. ఫలితం బాగుందని తెలిశాక, ముందు లేని కొలబద్దను తర్వాత తెచ్చి కొలిచారు. డేటా మేనేజరుకు, నాణ్యతాధికారికి జీతం ఇవ్వని గ్రాంటు, రికార్డులు సరిగా లేవని నిందించడం న్యాయం కాదు. ఆ అనుభవం తర్వాతే స్వతంత్ర పర్యవేక్షకులు, అంతర్గత నాణ్యతా విభాగాలు, సిబ్బందికి పదేపదే శిక్షణ అన్నవి బడ్జెట్‌లో తప్పనిసరి పద్దులయ్యాయి.

రక్తం చెప్పిన నిజం

2009 నుంచి 2012 వరకు దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేలలో 5,029 మంది స్త్రీలతో ‘వాయిస్’ పరీక్ష జరిగింది. రోజూ మాత్ర లేదా రోజూ జెల్ వాడితే హెచ్‌ఐవిని అడ్డుకోవచ్చా అన్నది ప్రశ్న. స్త్రీలు క్రమం తప్పకుండా వచ్చారు, నూటికి తొంభై పాళ్లు వాడుతున్నామని చెప్పారు, వాడిన వాటి లెక్క కూడా దానికి దగ్గరగానే కుదిరింది. 2013లో ఫలితాలు వచ్చేసరికి ఏ మందూ పనిచేయలేదు. దాచిన రక్తాన్ని పరీక్షిస్తే, నమూనాల్లో మూడో వంతుకన్నా తక్కువ వాటిలోనే మందు ఆనవాలు దొరికింది. అంటే వేలమంది స్త్రీలు కేంద్రానికి వచ్చి, మందు తీసుకెళ్లి, వాడకుండా పక్కనపెట్టి, వాడామని చెప్పారు.

వాళ్లు అబద్ధమాడారని అనేసి ఊరుకోవడం తేలిక. తర్వాత వారితో విడివిడిగా, గుంపులుగా మాట్లాడిన సామాజిక శాస్త్రవేత్తలకు వేరే సంగతులు తెలిశాయి. హెచ్‌ఐవి మందు దగ్గర పెట్టుకుంటే రోగం ఉన్నదనే అనుకుంటారన్న భయం, భర్తకో ప్రియుడికో తెలుస్తుందన్న భయం, ఆరోగ్యంగా ఉండగా మందెందుకన్న సందేహం, మందు వల్ల పిల్లలు పుట్టరన్న పుకార్లు, నిజం చెబితే పరీక్ష నుంచి తీసేస్తారేమో, ఉచితంగా అందుతున్న వైద్యం పోతుందేమో అన్న బెంగ వారిని పట్టుకుని ఉన్నాయి. రోజూ మాత్ర వేసుకోవడం అక్కడి యువతి జీవితంలో ఎందుకు ఇమడదో చెప్పిన ఈ వైఫల్యం నుంచే రెండు నెలలకొకసారి, ఆరు నెలలకొకసారి ఇచ్చే ఇంజెక్షన్ల వైపు పరిశోధన బలంగా మళ్లింది. ఇంటర్వ్యూ చేసే భాష, యాస, వయసు, నడవడి అన్నీ ఆ ఊరివే అయిన పరిశోధకులు లేకపోతే ఆ నిజాలు బయటికి వచ్చేవి కావు. ప్రయోగశాల ఎంత అవసరమో ఈ చెవి కూడా అంతే అవసరం.

నమ్మకం ముందే కుదరకపోతే పరీక్ష మొదలే కాదు. 2004-05లో హెచ్‌ఐవి చికిత్సలో వాడే టెనోఫోవిర్ మాత్రను నివారణకు వాడి చూడాలనుకున్న పరీక్షలు కంబోడియాలో, కామెరూన్‌లో ఆందోళనల మధ్య ఆగిపోయాయి. పరీక్షా కాలంలో హెచ్‌ఐవి సోకిన స్త్రీలకు జీవితాంతం చికిత్స ఎవరు ఇస్తారన్నది నిరసనకారుల ప్రశ్న. అది పూర్తిగా సబబైన ప్రశ్న. అదే కార్యక్రమంలోని నైజీరియా కేంద్రాన్ని శాస్త్రీయ ప్రమాణాలు అందుకోలేదంటూ నిర్వాహకులే మూసేశారు. ఈ దెబ్బల తర్వాత 2007లో ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ కార్యక్రమం, హెచ్‌ఐవి నివారణ కోసం పనిచేసే అవాక్ సంస్థ కలిసి, పరీక్ష రూపకల్పన దశ నుంచే స్థానికులను ఎలా కలుపుకోవాలో మార్గదర్శకాలు వెలువరించాయి. ప్రతి పెద్ద కేంద్రానికీ ఇప్పుడు స్థానికులతో కూడిన సలహా మండలి ఉంటుంది. కొన్నిచోట్ల అది అలంకారమే. మంచి కేంద్రాల్లో ఆ మండలి వద్దన్న ప్రశ్నను ప్రశ్నావళి నుంచి తీసేస్తారు.

మనుషులు తయారైన తీరు

సామర్థ్యం ఎక్కడ పుట్టిందని వెతికితే, ప్రపంచ సంస్థల ప్రణాళికల కంటే ముందు కొందరు స్థానిక వైద్యులూ నర్సులూ కనిపిస్తారు. ఉగాండాలో జనం ‘స్లిమ్’ అని పిలుస్తున్న కొత్త జబ్బు గురించి 1985లో లాన్సెట్ పత్రికలో రాసిన వారిలో డేవిడ్ సెర్వాడా, నెల్సన్ సెవాంకంబో ఉన్నారు. వారే 1988లో అమెరికా సహచరులతో కలిసి రకాయ్ జిల్లాలో గ్రామాలను ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం మొదలుపెట్టారు. అప్పటికి అక్కడ ఏ మందూ పరీక్షించడం లేదు. ఎవరెవరు ఉన్నారు, ఎవరు ఊరు మారారు, ఎవరికి ఎప్పుడు సోకింది అని దాదాపు పదిహేనేళ్లు ఓపికగా రాసిపెట్టిన ఆ లెక్కల మీదే పురుషుల సున్తీ పరీక్ష నిలబడింది. దక్షిణాఫ్రికాలోని ఆరెంజ్ ఫార్మ్, కెన్యాలోని కిసుముతో పాటు రకాయ్‌లో జరిగిన మూడు పరీక్షలూ, సున్తీ వల్ల పురుషులకు హెచ్‌ఐవి సోకే ముప్పు సగానికి పైగా తగ్గుతుందని 2005-07 మధ్య నిరూపించాయి. దీర్ఘకాలిక పరిశీలనకు డబ్బిచ్చేవారు తక్కువ; ఎందుకంటే దానిలో ప్రతి ఏడాదీ ప్రకటించుకోవడానికి విజయం ఉండదు. కానీ అది లేనిచోట పరీక్షకు కాలు మోపే నేల ఉండదు.

నైరోబిలోని పుమ్వానీలో సెక్స్ వర్కర్లతో 1980లలో మొదలైన పరిశోధన ఇంకో మార్గం. అక్కడి స్త్రీలను కూడగట్టింది ఎలిజబెత్ ఎన్గుగి అనే నర్సు. ఎన్నోసార్లు వైరస్ తాకిడికి గురైనా కొందరు స్త్రీలకు హెచ్‌ఐవి సోకకపోవడాన్ని గమనించి, వారి రోగనిరోధక స్పందన ఆధారంగా ఆక్స్‌ఫర్డ్, నైరోబి శాస్త్రవేత్తలు ఒక టీకా రూపొందించారు. దాని పేటెంటులో కెన్యా వైపు వారికి చోటు దక్కలేదని తెలిసినప్పుడు అక్కడ తీవ్రమైన ఆగ్రహం వ్యక్తమైంది. ఆ టీకా చివరికి పనిచేయలేదు. అయినా రక్తం ఎవరిది, ఆలోచన ఎవరిది, హక్కు ఎవరిది అన్న ప్రశ్నను అది శాశ్వతంగా చర్చలోకి తెచ్చింది. నమూనాలను విదేశాలకు పంపే ఒప్పందాల్లో ఇప్పుడు కనిపించే షరతుల వెనక అలాంటి అనుభవాలున్నాయి.

శిక్షణ విషయంలో అమెరికా ప్రభుత్వ ఫోగర్టీ కేంద్రం 1988లో మొదలుపెట్టిన కార్యక్రమం చేసిన మేలు తక్కువది కాదు. దక్షిణాఫ్రికాలో దాని తోడ్పాటుతో, కొలంబియా విశ్వవిద్యాలయం అండతో ఒక తరం పరిశోధకులను తయారుచేసిన కురైషా అబ్దుల్ కరీం, సలీం అబ్దుల్ కరీం దంపతులు 2002లో డర్బన్‌లో క్యాప్రిసా అనే ఎయిడ్స్ పరిశోధనా కేంద్రాన్ని స్థాపించారు. వారు వులిండ్లేలా అనే గ్రామీణ ప్రాంతంలోనూ క్లినిక్ నడిపారు. టెనోఫోవిర్ జెల్ 889 మంది స్త్రీలలో ముప్పును 39 శాతం తగ్గించిందని 2010లో వారు వియన్నాలో ప్రకటించినప్పుడు, ఒక స్త్రీ తన చేతిలో ఉంచుకోగల సాధనం పనిచేయగలదన్న మొదటి ఆధారం దొరికింది. ఆ పరీక్ష ఖర్చులో దక్షిణాఫ్రికా శాస్త్ర సాంకేతిక శాఖ వాటా కూడా ఉంది. ఐదేళ్ల తర్వాత దక్షిణాఫ్రికాలోనే జరిగిన పెద్ద పరీక్షలో ఆ జెల్ ప్రభావం కనిపించలేదు. ఆ ప్రతికూల ఫలితాన్ని కూడా అక్కడి వాళ్లే అంతే నిజాయితీగా ప్రకటించారు. తన ఆశను తానే పరీక్షించి కాదనుకోగలగడాన్ని నేను ఒక దేశపు శాస్త్రానికి వచ్చిన పరిణతిగా చూస్తాను.

నాయకత్వం క్రమంగా మారింది. రెండు నెలలకొకసారి ఇచ్చే కాబోటెగ్రవిర్ ఇంజెక్షన్‌ను ఏడు ఆఫ్రికా దేశాల్లో 3,224 మంది స్త్రీలపై పరీక్షించిన ‘హెచ్‌పీటీఎన్ 084’కు జొహానెస్‌బర్గ్‌కు చెందిన షినేడ్ డెలానీ-మొరెట్లే నేతృత్వం వహించారు. ఇంజెక్షన్ వైపు నలుగురికి, మాత్రల వైపు 34 మందికి సోకిందని 2020 నవంబరులో తేలడంతో పరీక్షను ముందే ముగించారు. ఉగాండా, టాంజానియా, దక్షిణాఫ్రికాల్లో జరిగిన ‘ప్రెప్‌వ్యాక్’ టీకా పరీక్షను ఎంటెబేలోని పొంటియానో కలీబు నడిపారు. టీకాలు పనిచేయవని 2023 చివర్లో తెలిసింది. దానికి డబ్బిచ్చింది ఆఫ్రికా దేశాలతో కలిసి పనిచేసేందుకు యూరప్ దేశాలు 2003లో ఏర్పరచిన ఈడీసీటీపీ భాగస్వామ్యం. నియంత్రణ వైపు కూడా 2006 నుంచి ఆఫ్రికా దేశాల ఔషధ నియంత్రణాధికారులు, ఎథిక్స్ కమిటీలు ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో ఒకే వేదిక మీద కూర్చుని బహుళ దేశాల పరీక్షలను కలిసి పరిశీలించడం అలవాటు చేసుకున్నాయి.

కోవిడ్ వచ్చినప్పుడు ఈ వ్యవస్థ విలువ వేరే విధంగా తెలిసింది. టీకా పరీక్షలకు దక్షిణాఫ్రికాలో హెచ్‌ఐవి కేంద్రాలే కొన్ని నెలల్లో సిద్ధమయ్యాయి. 2021 నవంబరులో ఒమిక్రాన్ వేరియంటును బోట్స్‌వానా, దక్షిణాఫ్రికా ప్రయోగశాలలు పసిగట్టి లోకానికి చెప్పగలగడానికి కారణం హెచ్‌ఐవి జన్యుక్రమాన్ని చదవడంలో అవి గడించిన నేర్పే.

2025లో జరిగింది

ఇంత కట్టినదాంట్లో పునాది రాళ్లు కొన్ని పరాయివేనని 2025 జనవరిలో బయటపడింది. అమెరికా ప్రభుత్వం విదేశీ సాయాన్ని ఉన్నపళంగా నిలిపివేసింది. దక్షిణాఫ్రికా వైద్య పరిశోధన మండలి సారథ్యంలో, గ్లెండా గ్రే నాయకత్వంలో, ఎనిమిది దేశాల శాస్త్రవేత్తలు కలిసి హెచ్‌ఐవి టీకాలను తామే రూపొందించి తామే పరీక్షించేందుకు ఏర్పరచుకున్న ‘బ్రిలియంట్’ కూటమికి అమెరికా విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ నుంచి రావాల్సిన 4.5 కోట్ల డాలర్లకు పైగా నిధి, తొలి పరీక్ష మొదలు కావాల్సిన సమయానికి ఆగిపోయింది. మరో పరీక్షలో పాల్గొంటూ యోనిలో అమర్చే ప్రయోగాత్మక ఉంగరం ధరించిన స్త్రీలను పిలిపించి, దాన్ని తీసివేయాల్సి వచ్చింది. మే నెలలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు తమ గ్రాంట్ల నుంచి విదేశీ సంస్థలకు వాటా ఇచ్చే పాత పద్ధతిని ఆపేశాయి. దక్షిణాఫ్రికాను ప్రత్యేకంగా లక్ష్యం చేసుకున్న కోతలు వేరే.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. పరిశోధనా సామర్థ్యం నిల్వ ఉండే సరుకు కాదు. రెండు గ్రాంట్ల మధ్య ఆరు నెలలు జీతం ఆగితే, పదేళ్ల అనుభవమున్న ల్యాబ్ టెక్నీషియన్ ప్రైవేటు డయాగ్నస్టిక్ సెంటరుకు వెళ్లిపోతుంది, డేటా మేనేజరు బ్యాంకులో చేరతాడు, ఊళ్లో నమ్మకం సంపాదించిన ఫీల్డ్ వర్కరు ఇంకో పని చూసుకుంటుంది. మళ్లీ డబ్బు వచ్చినప్పుడు భవనం అలాగే ఉంటుంది కానీ కేంద్రం ఉండదు. ఒక్కో పరీక్షకు ఒక్కో గ్రాంటు అన్న పద్ధతిలో, పరీక్షకూ పరీక్షకూ మధ్య కేంద్రాన్ని బతికించే బాధ్యత ఎవరికీ లేదు. దాతలు దాన్ని నిర్వహణ ఖర్చు అంటారు, ప్రభుత్వాలు దాన్ని దాతల పని అంటాయి. పరిశోధనకు స్థూల దేశీయోత్పత్తిలో 1 శాతం కేటాయించాలని ఆఫ్రికా యూనియన్ దేశాలు 2006లోనే తీర్మానించుకున్నాయి. అత్యధిక దేశాలు ఆ దరిదాపులకు కూడా రాలేదు. అమెరికా చేసినది క్రూరమైన పని. అయినా ఆఫ్రికా ప్రభుత్వాల ఉదాసీనతను దాని చాటున దాచడం ఆ పరిశోధకులకు మేలు చేయదు.

దక్షిణాఫ్రికా కొంత కదిలింది. మూడేళ్లలో 40 కోట్ల రాండ్లు ఖజానా నుంచి, చెరో 10 కోట్ల రాండ్లు గేట్స్ ఫౌండేషన్, వెల్‌కమ్ సంస్థల నుంచి పరిశోధన మండలికి అందించే ఏర్పాటు 2025లో జరిగింది. పోయిన దానితో పోలిస్తే ఇది కొంతే. దక్షిణాఫ్రికా కంటే చిన్న ఖజానా ఉన్న మలావీ, జింబాబ్వే, ఎస్వాటినీ వంటి దేశాలకు ఆ కొంత కూడా సాధ్యం కాదు కనుక, పలు దేశాలు కలిసి భరించే శాశ్వత నిధి తప్ప వాటికి వేరే దారి కనిపించదు.

ఇకపై పరీక్షలు ఎందుకు కష్టం

లెనకాపవిర్ విజయమే తర్వాతి పరీక్షను కష్టతరం చేసింది. ఇంత బాగా పనిచేసే మందు ఉండగా కొత్తదాన్ని ప్లాసిబోతో పోల్చడం నైతికంగా కుదరదు. ఉన్న మందుతో పోలిస్తే రెండు వైపులా దాదాపు ఎవరికీ సోకదు కనుక తేడా తేలదు. ‘పర్పస్ 1’ ఈ చిక్కును దాటిన తీరు గమనించదగినది. పరీక్షలో చేరడానికి వచ్చిన 8,094 మందికి ముందుగా హెచ్‌ఐవి పరీక్ష చేసి, పాజిటివ్ వచ్చిన వారిలో ఎవరికి ఇటీవలే సోకిందో ప్రత్యేక ప్రయోగశాల పరీక్షతో వేరుచేశారు. దాని నుంచి ఆ ప్రాంతంలో మందు లేకుంటే ఏడాదికి నూటికి 2.41 చొప్పున కొత్తగా సోకుతోందని లెక్కగట్టి, ఆ అంకెతో లెనకాపవిర్‌ను పోల్చారు. ప్లాసిబో పుచ్చుకున్న మనిషి ఒక్కరూ లేకుండా ప్లాసిబో పోలిక సాధ్యమైంది. ఇలాంటి రూపకల్పనకు స్థానిక ప్రయోగశాలతో పాటు గణాంక శాస్త్రవేత్తలు కావాలి, ఆ ప్రాంతపు అంటువ్యాధి లెక్కలు ఏళ్ల తరబడి ఉండాలి. నమూనాలు సేకరించి పంపే పనిలో ఆఫ్రికా కేంద్రాలు ఆరితేరాయి. లెక్కలు వేసే పని ఇంకా ఎక్కువగా సియాటిల్‌లోనూ లండన్‌లోనూ జరుగుతోంది. తర్వాతి దశలో పెట్టుబడి అవసరమైనది ఇక్కడే.

మందు తేలాక అది ఎవరికి అందుతుందన్నది తర్వాతి ప్రశ్న, దానికి తెలుగు నేలతో సంబంధముంది. గిలియడ్ 2024 అక్టోబరులో 120 దేశాల కోసం లెనకాపవిర్ జెనరిక్ తయారీకి ఆరు కంపెనీలకు అనుమతి ఇచ్చింది. వాటిలో డాక్టర్ రెడ్డీస్, హెటెరో హైదరాబాద్ కంపెనీలు. ఈ రెండూ 2027 నుంచి మనిషికి ఏడాదికి సుమారు 40 డాలర్లకే దాన్ని అందించేలా 2025 సెప్టెంబరులో ఒప్పందాలు వెలువడ్డాయి. అమెరికాలో దాని ప్రకటిత ధర ఏడాదికి 28,000 డాలర్ల పైమాటే. డాక్టర్ రెడ్డీస్ ఒప్పందంలో భాగస్వాములుగా ఉన్న వారిలో జొహానెస్‌బర్గ్‌లోని విట్స్ ఆర్‌హెచ్‌ఐ కూడా ఒకటి. ఒకప్పుడు పరీక్షా కేంద్రంగా మాత్రమే కనిపించిన పరిశోధనా సంస్థ, మందు ధర మాట్లాడే బల్ల దగ్గర కూర్చోవడం చిన్న మార్పు కాదు.

ప్రభుత్వ నిధులు తగ్గిన చోట కంపెనీల పరీక్షలు కొన్ని కేంద్రాలను నిలబెడుతున్నాయి. నెలకొక మాత్రగా వాడే మందు కోసం మెర్క్ కంపెనీ కెన్యా, దక్షిణాఫ్రికా, ఉగాండాలలో 4,580 మంది స్త్రీలతో పరీక్ష చేపట్టింది. అది అవసరమైన పనే, దానితో వందలాది ఉద్యోగాలు నిలుస్తాయి. కానీ కంపెనీ తన మందు గురించిన ప్రశ్నే అడుగుతుంది. మూడు నెలలకొకసారి వేసే గర్భనిరోధక ఇంజెక్షన్ వల్ల హెచ్‌ఐవి ముప్పు పెరుగుతోందా అన్న అనుమానం పాతికేళ్లకు పైగా ఆఫ్రికా స్త్రీలను వెంటాడింది. ఆ ప్రశ్నకు జవాబు వెతకడంలో ఏ కంపెనీకీ లాభం లేదు. ఎస్వాటినీ, కెన్యా, దక్షిణాఫ్రికా, జాంబియాలలో 7,829 మంది స్త్రీలతో ‘ఎకో’ పరీక్ష 2015లో మొదలైంది; అప్పటి యూఎస్‌ఎయిడ్, స్వీడన్ ప్రభుత్వం, గేట్స్ ఫౌండేషన్, దక్షిణాఫ్రికా పరిశోధన మండలి వంటివి కలిసి ఖర్చు భరించాయి. పోల్చిచూసిన మూడు గర్భనిరోధక పద్ధతుల మధ్య హెచ్‌ఐవి ముప్పులో చెప్పుకోదగ్గ తేడా లేదని 2019లో తేలింది. ఆ ఇంజెక్షన్‌పై ఉన్న హెచ్చరికను ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది తొలగించింది. ఆ దాతల్లో ఒకటైన యూఎస్‌ఎయిడ్ ఇప్పుడు లేదు. అలాంటి తర్వాతి ప్రశ్నకు ఖర్చు ఎవరు పెడతారన్నది ఆఫ్రికా ఆరోగ్య, ఆర్థిక మంత్రిత్వ శాఖలు తేల్చవలసిన విషయం.